కొత్త మొక్క ఎదురైతే పురుగు ఎలా మారుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

మిరప, వేరుశనగ, టమాట, పొగాకు, మొక్కజొన్న, జీడిమామిడి మన నేలలో పుట్టినవి కావు. అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి గత అయిదు వందల ఏళ్లలో ఇక్కడికి చేరినవి. వాటిని తింటున్న పురుగుల్లో చాలా మాత్రం ఇక్కడివే. అంతకుముందు ఆ ఆకు రుచి ఎరగని పురుగు దాన్ని తినడం ఎలా నేర్చుకుంది? తినడం మొదలుపెట్టాక ఆ పురుగులో ఏమైనా మారిందా? తోటలు పెంచేవారు, పొలం చేసేవారు, విద్యార్థులు పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఎక్కువ చోటు అమెరికాలోని ఒక చిన్న నల్లికి (మంచాల నల్లి కాదు, గింజల రసం పీల్చే పురుగు) ఇచ్చాను. ఈ విషయాన్ని దానంత స్పష్టంగా చూపించే పురుగు నాకు మరొకటి కనిపించలేదు.

‘పురుగు కొత్త మొక్కకు అలవాటు పడింది’ అంటారు. అంటే సరిగ్గా ఏమి జరిగినట్టు?

ఈ ఒక్క మాటతో రెండు వేర్వేరు సంగతులు చెప్పేస్తుంటాం. మొదటిది ఒక పురుగు జీవితకాలంలో జరిగేది. గొంగళి పురుగును ఒక ఆకు మీద నుంచి తీసి వేరే ఆకు మీద వేస్తే, దాని పొట్టలో జీర్ణరసాల పాళ్లు కొంత మారతాయి. కొత్త ఆకులోని ఘాటు పదార్థాలను విరగ్గొట్టే ఎంజైములు ఎక్కువగా ఊరతాయి. ఆ పురుగుతోనే ఆ సర్దుబాటు ముగుస్తుంది.

రెండోది తరాల మీద జరిగేది. ఒకే గుంపులో పుట్టిన పురుగులన్నీ ఒకేలా ఉండవు. ఒకదాని నోరు కాస్త పొడుగు, ఇంకొకదాని పొట్ట కాస్త గట్టిది, మరొకటి నాలుగు రోజులు ముందు పుట్టింది. కొత్త మొక్క మీద వీటిలో కొన్ని ఎక్కువ బతికి ఎక్కువ గుడ్లు పెడతాయి. ఆ లక్షణం జన్యువుల ద్వారా పిల్లలకు అందేదైతే, తరం తరానికీ అలాంటివి పెరుగుతాయి. ఇక్కడ ఏ ఒక్క పురుగూ మారలేదు, వంశం మారింది. కింది జవాబుల్లో నేను మాట్లాడేది ఎక్కువగా ఈ రెండో దాని గురించే.

మొక్క స్థానికమైనదా, బయటి నుంచి వచ్చిందా అని పురుగుకు తెలుస్తుందా?

తెలియదు. పురుగుకు తెలిసేది వాసన, రుచి, ఆకు గరుకుదనం, కాయ పరిమాణం. నల్లటి రెక్కల మీద పసుపు మచ్చలుండే నిమ్మ సీతాకోకచిలుకను ఒక ఉదయం గమనించండి. గుడ్డు పెట్టే ముందు ఆకు మీద వాలి ముందు కాళ్లతో టపటపా తడుతుంది. దాని రుచి కాళ్లలో ఉంది. మారేడు, కరివేపాకు, నిమ్మ, బత్తాయి అన్నిటి మీదా అది గుడ్లు పెడుతుంది. మారేడు ఈ నేలలో అనాదిగా ఉన్న చెట్టు, బత్తాయి బయటి నుంచి వచ్చింది. అయినా నాలుగూ ఒకే కుటుంబానివి, ఆకు నలిపితే వచ్చే ఘాటులో చుట్టరికం ఉంది. అందుకే బత్తాయి వచ్చిన నాడు ఆ సీతాకోకచిలుకకు పెద్దగా మారవలసిన పని పడి ఉండదు.

కొత్తగా వచ్చిన మొక్కకు స్థానికంగా దగ్గరి బంధువులు ఉంటే పురుగులు త్వరగా ఆశిస్తాయి. బంధువులు లేకపోతే చాలాకాలం దాని జోలికి రావు. ఒక మొక్క భవిష్యత్తును ఊహించడానికి అది ఏ దేశం నుంచి వచ్చిందన్న దానికంటే ఏ కుటుంబానిది అన్నది ముందు అడగాలి.

మొక్కల్లో విషాలుంటాయి కదా, పురుగు వాటిని ఎలా తట్టుకుంటుంది?

కొన్ని విషాన్ని విరగ్గొడతాయి, కొన్ని విసర్జిస్తాయి, కొన్ని శరీరంలోనే దాచుకుంటాయి. జిల్లేడు కుటుంబపు మొక్కల పాలలో ఉండే విషం గుండెనూ నరాలనూ నడిపించే సోడియం పంపు అనే ప్రోటీనును పట్టి ఆపేస్తుంది. అమెరికాలోని మోనార్క్ సీతాకోకచిలుకలో ఆ ప్రోటీను ఆకారం ఒకటి రెండు చోట్ల స్వల్పంగా మారింది. విషం అంటుకోవలసిన చోట అంటుకోదు. ఆశ్చర్యం ఏమిటంటే అదే జాతి మొక్కలు తినే పెంకు పురుగుల్లో, నల్లుల్లో కూడా, మోనార్క్‌తో ఏ సంబంధం లేకుండా, అదే ప్రోటీనులో అదే చోట మార్పు వచ్చింది. వేర్వేరు వంశాలు ఒకే తాళానికి విడివిడిగా ఒకే తాళంచెవి చేసుకున్నాయి.

పురుగు నిజంగా మారిందనడానికి రుజువు ఏమిటి? ఎవరైనా కొలిచారా?

కొలిచారు. మొదట చెప్పిన నల్లి కథ ఇదే.

దాని పేరు జడేరా హీమటోలోమా. నలుపు శరీరం, అంచుల్లో ఎరుపు, ఎర్రటి కళ్లు. కుంకుడు కుటుంబపు చెట్ల గింజలే దాని ఆహారం కాబట్టి ఇక్కడ దాన్ని కుంకుడు నల్లి అంటాను. తల కింద మడిచి ఉండే సూదిలాంటి తొండాన్ని కాయలోకి దించి, గింజ పెంకును గుచ్చి, లోపలి పప్పును కరిగించి పీల్చుకుంటుంది. తొండం గింజ దాకా చేరాలి. లేదంటే కాయ మీదే కూర్చుని పస్తుండాలి.

ఫ్లోరిడా దక్షిణ కొసలో దాని పాత ఆహారం ఒక బుడ్డకాకర జాతి తీగ. బుడ్డకాకర కాయను మీరు పగలగొట్టి ఉంటే తెలుస్తుంది: గాలి నింపిన బుడగలా ఉంటుంది, గింజలు నడిమధ్యలో ఉంటాయి. ఫ్లోరిడా జాతి కాయలో తొక్క నుంచి మధ్యకు దాదాపు 12 మిల్లీమీటర్లు. గింజకు కొంత లావుంటుంది కాబట్టి అంత దూరమూ తొండం పోనక్కర్లేదు. అయినా పొడవైన తొండం కావలసిందే. ఆ నల్లుల తొండం సగటున 9 మిల్లీమీటర్లకు కాస్త పైన.

1950ల నుంచి ఫ్లోరిడా మధ్య ప్రాంతపు ఊళ్లలో తైవాన్ నుంచి వచ్చిన గోల్డెన్ రెయిన్ అనే చెట్టును నీడ కోసం, అందం కోసం విరివిగా నాటారు. పేరు విని మన రేల అనుకోకండి. ఇది కూడా కుంకుడు కుటుంబానిదే. దీని కాయ చదునుగా ఉంటుంది, గింజ తొక్కకు దాదాపు 3 మిల్లీమీటర్ల లోతులోనే దొరుకుతుంది. కుంకుడు నల్లులు దీని మీదికి వచ్చాయి.

స్కాట్ కారల్, క్రిస్టిన్ బోయిడ్ అనే ఇద్దరు పరిశోధకులు రెండు చెట్ల మీది నల్లులనూ పట్టి తొండాలు కొలిచి 1992లో ఫలితాలు ప్రచురించారు. కొత్త చెట్టు మీది నల్లుల తొండం సగటున 7 మిల్లీమీటర్ల దగ్గర ఉంది. అక్కడితో ఆగితే అనుమానాలకు చోటుండేది. వారు మ్యూజియంలలో సూదులకు గుచ్చి దాచిన పాత నల్లులను కూడా తీసి కొలిచారు. కొత్త చెట్టు రాకముందు పట్టినవన్నీ పొడుగు తొండాలవే, వచ్చాక పట్టినవాటిలో పొట్టి తొండాలు కనిపించడం మొదలైంది. ప్రతి నల్లి కింద పట్టిన తేదీ, ఊరి పేరు రాసిన చిన్న చీటీ ఉంటుంది. ఎవరో ఎన్నో ఏళ్ల క్రితం ఓపికగా రాసిన ఆ చీటీలు లేకపోతే ఈ సంగతి తేలేది కాదు. మ్యూజియం అంటే దుమ్ము పట్టిన పెట్టెలు అనుకునేవారికి నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే చెబుతాను.

కథకు రెండో సగం అమెరికా దక్షిణ మధ్య రాష్ట్రాల్లో ఉంది. అక్కడి నల్లుల పాత ఆహారం ఒక కుంకుడు జాతి, దాని కాయ చిన్నది. అక్కడికి బయటి నుంచి వచ్చినవి చైనా వైపు గోల్డెన్ రెయిన్ జాతి ఒకటి, బుడ్డకాకర మరొకటి. ఈ బుడ్డకాకర మన కంచెల మీద పాకే తీగే. రెండింటి కాయలూ పాత ఆహారం కంటే పెద్దవి. మరి అక్కడ తొండం ఏమైంది? పొడుగైంది. కాయ చిన్నదైన చోట పొట్టి, పెద్దదైన చోట పొడుగు. రెండు దిక్కులా లెక్క సరిపోయింది.

తిన్న తిండిని బట్టి తొండం పెరిగిందేమో? బక్క తిండికి బక్క పిల్లలు పుట్టినట్టు?

మంచి అనుమానం. పరిశోధకులకూ వచ్చింది. అందుకే పాత మొక్క నల్లుల పిల్లలను కొత్త చెట్టు గింజల మీద, కొత్త చెట్టు నల్లుల పిల్లలను పాత మొక్క గింజల మీద ప్రయోగశాలలో పెంచారు. తిండి మార్చినా తొండం వంశాన్నే అనుసరించింది. అంటే తేడా జన్యువుల్లో ఉంది.

ఆ ప్రయోగంలో మరో సంగతి కూడా బయటపడింది. కొత్త చెట్టు నల్లులు ఆ చెట్టు గింజల మీద త్వరగా ఎదిగాయి, ఎక్కువ బతికాయి. తొండం కంటికి కనిపించే మార్పు. ఎదిగే వేగం, గింజను అరిగించుకునే తీరు, గుడ్ల సంఖ్య కంటికి కనిపించవు గానీ అవీ వెంట మారాయి.

ఇందుకు ఎంత కాలం పట్టింది?

యాభై ఏళ్లలోపే. ఏడాదికి రెండు మూడు తరాల లెక్కన దాదాపు వంద తరాలు. పరిణామం అంటే లక్షల సంవత్సరాల వ్యవహారమని బడిలో చదువుకున్న మనకు ఇది మింగుడుపడటం కష్టం. చెట్టు నాటిన మనిషి ముసలివాడయ్యేలోపు దాని మీది నల్లి తొండం పొట్టిదైపోయింది.

ఆస్ట్రేలియాలోనూ ఇలాంటిదే జరిగింది. అక్కడి నల్లి వేరే జాతి, అక్కడికి వచ్చిన బుడ్డకాకర కూడా వేరే జాతి. ఆ పెద్ద కాయల తీగ కలుపుగా పాకిన చోట కొన్ని దశాబ్దాల్లోనే స్థానిక నల్లి తొండం పొడుగైందని 2005లో ప్రచురించారు.

ఒకే పురుగు రెండు మొక్కల మీద చేరి, చివరికి రెండు జాతులుగా విడిపోతుందా?

ఆ దారిలో సగం నడిచిన పురుగు ఒకటుంది. ఉత్తర అమెరికాలో హాథార్న్ అనే ముళ్ల చెట్టు చిన్న ఎర్రటి పండ్ల మీద బతికే ఒక పండు ఈగ. మన మామిడి పండు ఈగకు దూరపు చుట్టం. యూరప్ నుంచి వలస వెళ్లినవారు 17వ శతాబ్దంలో అక్కడికి ఆపిల్ తీసుకువెళ్లారు. రెండు వందల ఏళ్లకు పైగా ఆ ఈగ ఆపిల్‌ను ముట్టుకున్నట్టు ఎవరూ రాయలేదు. 1860లలో హడ్సన్ నది లోయలోని తోటల్లో ఆపిల్ పండ్లలో పురుగులు కనిపించాయి. డార్విన్‌తో ఉత్తరాలు నడిపిన బెంజమిన్ వాల్ష్ అనే కీటక శాస్త్రవేత్త అప్పుడే ఒక మాట అన్నాడు: ఆహారపు మొక్క మారడం వల్లే కొత్త జాతి పుట్టవచ్చని. ఆ మాటను పూర్తిగా పరీక్షించడానికి మరో వందేళ్లు పట్టింది.

ఈ ఈగలు పండు మీదే జతకడతాయి, పండులోనే గుడ్డు పెడతాయి. ఏ పండుకు వెళ్లే ఈగకు ఆ పండుకు వచ్చిన ఈగే జోడీ. ఆపిల్ హాథార్న్ కంటే మూడు నాలుగు వారాలు ముందు పండుతుంది. ఈగ ఆయుష్షు నెల రోజులకు మించదు, ఏడాదికి ఒక్కటే తరం. కాబట్టి ఆపిల్ కోసం పుట్టే ఈగ ముందు పుట్టాలి, హాథార్న్ కోసం పుట్టే ఈగ ఆగి పుట్టాలి. చలికాలం మట్టిలో ప్యూపాగా పడుకుని ఎప్పుడు లేవాలో చెప్పే లోపలి గడియారం ఈ రెండింటిలో వేరుపడింది. వాసన కూడా వేరుపడింది: హాథార్న్ ఈగ ఆపిల్ వాసనకు ఆకర్షించబడకపోవడమే కాదు, దాన్ని తప్పించుకుని పోతుంది.

ఇప్పటికీ వంద జోడీల్లో నాలుగో ఆరో అటూ ఇటూ కలుస్తూనే ఉన్నాయి. అందుకే వీటిని వేర్వేరు జాతులు అనడం లేదు, ఒకే జాతిలోని రెండు తెగలు అంటున్నారు. నాకు ఇంతకంటే ఆసక్తి కలిగించింది ఈ ఈగ మీద బతికే చిన్న కందిరీగ. ఆ కందిరీగ పిల్లలు ఈగ పురుగును లోపల నుంచి తిని పెరుగుతాయి. ఈగ రెండు తెగలుగా చీలితే, దాని వెంటే కందిరీగ కూడా చీలుతోందని 2009లో తేలింది. మనిషి తెచ్చి నాటిన ఒక పండ్ల చెట్టు మొదట ఈగను, ఈగ వెంట కందిరీగను చీల్చింది.

అయితే ఏ పురుగైనా ఏ మొక్కకైనా మారిపోగలదా?

లేదు. మారనివే ఎక్కువ. ఇందుకు మన దేశంలోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 1795లో ఎర్ర రంగు తీసే కోచినీల్ పురుగు అనుకుని బ్రెజిల్ నుంచి ఒక పురుగును భారతదేశానికి తెచ్చారు. అది అసలు రంగు పురుగు కాదు, దాని బంధువు. రంగు వ్యాపారం సాగలేదు గానీ, ఆ పురుగు నాగజెముడులోని ఒక జాతి మీద పడి దాన్ని ఊడ్చేసింది. 19వ శతాబ్దంలో దాన్ని కావాలనే దక్షిణాదికి తెచ్చి నాగజెముడును తగ్గించడానికి వాడారు. ఒక కలుపు మీదికి పురుగును వదిలిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

దక్షిణాది పొలాల గట్లను ఆక్రమించిన మరో నాగజెముడు జాతిని మాత్రం ఆ పురుగు ముట్టలేదు. పక్కపక్కనే ఉన్నా, వందేళ్లు గడిచినా ముట్టలేదు. చివరికి 1926లో శ్రీలంక నుంచి ఇంకో కోచినీల్ జాతిని తెచ్చి వదిలితే ఆ రెండో నాగజెముడు తగ్గింది. రెండు మొక్కలూ మన కంటికి ఒకటే. పురుగుకు మాత్రం వాటి మధ్య వందేళ్లలో దాటలేని గోడ ఉంది. గుంపులో తగిన తేడాలు ముందే ఉంటేనే, బాగా బతికేవాటిని ఏరే ప్రకృతి ఎంపికకు ఏదైనా దొరుకుతుంది. అవసరం ఎంత గట్టిదైనా లేని తేడాను పుట్టించలేదు.

పురుగు పొరబడి తనను చంపే మొక్క మీద గుడ్లు పెట్టడం ఉంటుందా?

ఉంటుంది. అమెరికా తూర్పు అడవుల్లో వెస్ట్ వర్జీనియా వైట్ అనే తెల్ల సీతాకోకచిలుక ఆవాల కుటుంబపు అడవి మొక్క మీద గుడ్లు పెడుతుంది. యూరప్ నుంచి వచ్చిన గార్లిక్ మస్టర్డ్ అనే కలుపు అదే కుటుంబానిది, వాసనా దగ్గరిదే. తల్లి నమ్మి గుడ్లు పెడుతుంది. పిల్లలు ఆ ఆకు తిని చనిపోతాయి. తల్లి చేసిన ఎంపిక నిన్నటిదాకా సరైనదే, అడవిలోకి కొత్తది ఒకటి వచ్చి చేరడంతో తప్పైంది. కొత్త మొక్కకు అలవాటు పడటం కొన్నిసార్లు ఈ తప్పుతోనే మొదలవుతుందని గుర్తుంచుకోవాలి. తప్పిన గుడ్లలో ఒకటీ అరా బతికితే కొత్త దారి తెరుచుకుంటుంది. ఒక్కటీ బతకకపోతే గుడ్లన్నీ వృథా.

కొత్త మొక్కకు బాగా అలవాటు పడితే పురుగుకు మేలే కదా?

అలా అనుకోవడం తొందరపాటు. నెవాడా రాష్ట్రంలో కార్సన్ సిటీ దగ్గర ఒక పచ్చిక బయలు ఉంది. అక్కడ చెకర్‌స్పాట్ అనే గళ్ల సీతాకోకచిలుక కోలిన్సియా అనే చిన్న స్థానిక మొక్క మీద బతికేది. ఆ మొక్క ఎండలు ముదరగానే వాడిపోతుంది, ఆలస్యంగా పుట్టిన పిల్లలు ఆకలితో చస్తాయి. వందేళ్లకు పైగా క్రితం పశువుల పెంపకందారులతో పాటు యూరప్ నుంచి ప్లాంటెయిన్ అనే మొక్క వచ్చింది. అది ఎక్కువ కాలం పచ్చగా ఉంటుంది. దాని మీద గుడ్లు పెట్టిన తల్లుల పిల్లలు బతికాయి. మైకేల్ సింగర్, కమిల్ పార్మెసాన్ అనే పరిశోధకులు ఏళ్ల తరబడి ఆ బయలులో ఒక్కొక్క సీతాకోకచిలుకను పట్టి ఏ మొక్కను ఇష్టపడుతుందో చూశారు. ఇష్టం ఏటేటా ప్లాంటెయిన్ వైపు ఒరిగింది. చివరికి అన్నీ దాన్నే ఎంచుకునే స్థితికి వచ్చాయి.

2005లో ఆ బయలులో పశువులను మేపడం ఆగిపోయింది. గడ్డి ఎత్తుగా పెరిగి ప్లాంటెయిన్‌ను కప్పేసింది. ఎండ తగలని ఆకుల మీద గుడ్లకు, పిల్లలకు వెచ్చదనం చాలలేదు. మూడు నాలుగేళ్లలో ఆ గుంపు పూర్తిగా అంతరించింది. కోలిన్సియా మాత్రం అక్కడే, అందుబాటులోనే ఉంది. దాని మీద గుడ్లు పెట్టే తల్లి ఒక్కటీ మిగలలేదు. కొన్నేళ్లకు బయటి నుంచి కొన్ని సీతాకోకచిలుకలు వచ్చి మళ్లీ కోలిన్సియా మీదే మొదలుపెట్టాయి. 2018లో ప్రచురితమైన ఈ వివరాలు చదివిన రోజు నాకు చాలాసేపు వేరే పని సాగలేదు. ఆ సీతాకోకచిలుకలు చేసిన తప్పేమీ లేదు. ప్రతి అడుగూ ఆ ఏటికి సరైనదే.

ఫ్లోరిడా కుంకుడు నల్లికీ ఒక నష్టం జరిగింది. కొత్త చెట్లు లెక్కలేనన్ని ఉండటంతో వాటి మీది పొట్టి తొండాల నల్లులు పాత తీగ ఉన్న చోటికీ ఎగిరి వెళ్లి కలుస్తున్నాయి. బుడ్డకాకర కాయకు సరిగ్గా అమరిన పాత పొడుగు తొండాల తీరు పలచబడిపోతోందని మెరెడిత్ సెంజర్ అనే పరిశోధకురాలు 2016లో చూపించారు. తొండం మారడాన్ని మెచ్చుకునేటప్పుడు ఇది కూడా చెప్పి తీరాలి.

మన పొలాల్లో దీనికి ఉదాహరణలున్నాయా?

మన పురుగుల పేర్లలోనే ఉన్నాయి. పొగాకు లద్దె పురుగు ఆసియా పురుగు, పొగాకు అమెరికా మొక్క. పోర్చుగీసువారి కాలంలో ఇక్కడికి చేరిన పంట పేరు మీద, అంతకుముందు నుంచీ ఇక్కడున్న పురుగును పిలుస్తున్నాం. అది పొగాకుతో ఆగలేదు. మిరప, వేరుశనగ, పొద్దుతిరుగుడు దేన్నీ వదలలేదు. ఇలా అన్నీ తినే పురుగులో ఒక్క మొక్కకు తగ్గట్టు తొండం మారినట్టి మార్పు వెతకడం కష్టం. దాని బలం వేరు: ఎన్నో రకాల ఆకుల ఘాటును విరగ్గొట్టగల పొట్ట. అయినా దానికీ ఇష్టాలున్నాయి. ఆముదం ఆకు దొరికితే ముందు దాని మీదే గుడ్ల సముదాయం పెడుతుంది. పొగాకు, వేరుశనగ, మిరప చేల గట్ల వెంట ఆముదాన్ని ఎర పంటగా వేసే పద్ధతి దీని మీదే ఆధారపడింది. ఆ ఆకుల మీది గుడ్లను, అప్పుడే పుట్టి జల్లెడలా తినే పిల్ల పురుగులను ఆకుతో సహా ఏరి నాశనం చేయాలి. ఏరకుండా వదిలేస్తే ఎర పంటే పురుగుల ఉగ్గుగిన్నె అవుతుంది.

రెండోది జీడిమామిడి మీది టీ దోమ. పేరు దోమ గానీ అది రసం పీల్చే నల్లి జాతి. ఈ ప్రాంతపు పురుగే. జీడిమామిడిని 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి తెచ్చారు. లేత చిగురు, పూత కొమ్మల్లో తొండం గుచ్చిన చోటల్లా నల్లటి మచ్చ పడి కొమ్మ మాడినట్టు ఎండుతుంది. జీడి, జామ, కోకో, వేప అన్నిటి మీదా కనిపిస్తుంది. ఈ మధ్య సంవత్సరాల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో వేప కొమ్మలు కొసల నుంచి ఎండినప్పుడు ఒక శిలీంధ్రం ప్రధాన కారణంగా తేలింది, చాలాచోట్ల దాని వెంట టీ దోమ కూడా ఉంది. ‘చేదు వేపను పురుగు ముట్టదు’ అన్న నమ్మకాన్ని సడలించుకోవలసిన సమయం అది.

బయటి చెట్లకు పురుగు పట్టదని నర్సరీలవారు చెబుతారు. నిజమేనా?

కొంతకాలం నిజం. మొక్క సముద్రం దాటేటప్పుడు దాని పాత శత్రువులు వెంట రావు, ఇక్కడి పురుగులకు అది కొత్త. ఆ రెండు కారణాల వల్ల శుభ్రంగా పెరుగుతుంది. బ్రిటన్‌లో స్థానికమైన ఓక్ చెట్టు మీద 284 రకాల కీటకాలను లెక్కగట్టిన సౌత్‌వుడ్ అనే కీటక శాస్త్రవేత్త 1961 నాటి పట్టికలో, బయటి నుంచి తెచ్చిన చెట్ల అంకెలు దానికి చాలా దిగువన ఉంటాయి.

కానీ శత్రువులు ఆలస్యంగానైనా వస్తారు. సుబాబుల్ మధ్య అమెరికా చెట్టు. 1988లో దాని స్వదేశపు జిగురు పేను వంటి చిన్న పురుగు మన దేశం చేరి చిగుళ్లను మాడ్చేసింది. జామాయిల్‌కు ఆస్ట్రేలియా నుంచి చిన్న కందిరీగ 2000 తర్వాత వచ్చి, ఆకు ఈనెల మీద బుడిపెలు కట్టించి నర్సరీలను ఇబ్బంది పెట్టింది. ఇవి ఇక్కడ కొత్తగా మారిన పురుగులు కావు, పాత చుట్టాన్ని వెతుక్కుంటూ వచ్చినవి. ఈ తేడా తెలియడం అవసరం. వెతుక్కుంటూ వచ్చిన పురుగుకు దాని స్వదేశంలో సహజ శత్రువు ఉంటుంది, దాన్ని తెచ్చి వదిలే మార్గం ఒకటి మిగిలి ఉంటుంది.

పురుగు పట్టని చెట్టు వల్ల మరో లోటు కూడా ఉంది. గొంగళి పురుగులు లేని చెట్టులో పిచ్చుక పిల్లకు ఆహారం లేదు.

వయ్యారిభామను తినే పెంకు పురుగు రేపు పంటల మీదికి మారదని నమ్మకం ఏమిటి?

ఈ భయం ఒకసారి నిజంగానే కలిగింది. వయ్యారిభామ కలుపును తగ్గించడానికి మెక్సికో నుంచి తెచ్చిన ఆ పెంకు పురుగును పరీక్షించి 1984లో బెంగళూరు ప్రాంతంలో వదిలారు. కొన్నేళ్లకు కర్ణాటకలో అది పొద్దుతిరుగుడు ఆకులు కొరుకుతూ కనిపించింది. రెండు మొక్కలూ ఒకే కుటుంబానివి కాబట్టి ఆందోళన సహజం. పరిశీలిస్తే, పక్కనున్న వయ్యారిభామ పుప్పొడి గాలికి వచ్చి పొద్దుతిరుగుడు ఆకుల మీద పడిన చోట ఆ వాసనకు పురుగు కొరుకుతోందని తేలింది. దాని వంశం పొద్దుతిరుగుడు మీద నిలదొక్కుకోలేదు.

పూర్తి హామీ ఎవరూ ఇవ్వలేరు. అయితే నాగజెముడు పురుగుల చరిత్ర చూస్తే, ఒక్క మొక్కకే కట్టుబడిన పురుగు దాన్ని వదిలిపోవడం అరుదు. నా అభిప్రాయంలో, పరీక్షించి వదిలిన ఇలాంటి పురుగు కంటే పరీక్ష లేకుండా పండ్ల బుట్టల్లో, మొక్కల కుండీల్లో దాక్కుని వచ్చే పురుగులే పెద్ద ప్రమాదం.

బీటీ పత్తికి గులాబీ రంగు పురుగు లొంగకపోవడం కూడా ఇలాంటిదేనా?

ఇలాంటిదే. బీటీ పత్తి అంటే ఒక బ్యాక్టీరియా జన్యువు చేర్చి, పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యేలా చేసిన పత్తి. పురుగు దృష్టిలో అది కొత్త విషమున్న కొత్త మొక్క. మన దేశంలో 2002లో అనుమతించారు. 2010 నాటికి గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి విషాన్ని తట్టుకుంది, ఆ తర్వాత కొన్నేళ్లకే రెండు విషాలున్న పత్తినీ తట్టుకుంది. శనగపచ్చ పురుగు మాత్రం అంత త్వరగా తట్టుకోలేకపోయింది. ఎందుకు?

శనగపచ్చ పురుగు కంది, శనగ, టమాట, పొద్దుతిరుగుడు అన్నిటి మీదా పెరుగుతుంది. ఆ చేలల్లో బీటీ విషం లేదు కాబట్టి అక్కడ పెరిగిన మామూలు పురుగులు వచ్చి, తట్టుకునే పురుగులతో కలిసి ఆ లక్షణాన్ని పలచన చేస్తాయి. ఫ్లోరిడా నల్లుల్లో చూసినట్టే, బయటి నుంచి వచ్చే జోడీలు స్థానిక ఎంపికను వెనక్కి లాగుతాయి. గులాబీ రంగు పురుగు దాదాపు పత్తి మీదే బతుకుతుంది, చుట్టూ ఉన్నదంతా బీటీ పత్తే. కలవడానికి మామూలు పురుగు ఎక్కడుంది? 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం ఇచ్చింది ఇందుకే. ఎకరం కౌలు కట్టి సాగు చేసే రైతు కొన్ని వరుసలు పురుగుకు వదలడానికి వెనకాడటం నాకు అర్థమవుతుంది. ఆ చిన్న సంచి ఎందుకో ఆయనకు అర్థమయ్యేలా చెప్పకపోవడమే అసలు లోపం.

ఇలాంటి మార్పును నేను మా పెరట్లో గమనించవచ్చా?

గమనించవచ్చు, ఖర్చు కూడా ఉండదు. ఒక నోటుపుస్తకం, ఒక స్కేలు, ఫోను కెమెరా చాలు. ఏ మొక్క మీద ఏ పురుగు ఉందో, గుడ్డుగానా, పిల్లగానా, పెద్దదిగానా, ఏ తేదీన, ఏ ఊళ్లో అన్నది రాయండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. కొరికిన ఆకు చూసి ఊరుకోకుండా, ఆ పురుగు అదే మొక్క మీద గుడ్డు నుంచి పెద్దది అయ్యే వరకు ఎదిగిందో లేదో చూడండి. రుచి చూసి పోవడానికీ కాపురం పెట్టడానికీ తేడా అక్కడే తెలుస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే కొత్తగా నాటిన అలంకార మొక్కతో, దాని పక్కనే అదే కుటుంబపు పాత మొక్కతో మొదలుపెట్టండి. మీ ఊళ్లో కుంకుడు చెట్టు, కంచె మీద బుడ్డకాకర తీగ రెండూ ఉంటే ఇంకా మంచిది. కాయలు ముదిరే రోజుల్లో వాటి మీద ఎర్రటి, నల్లటి నల్లులు వాలతాయేమో చూడండి. దొరికితే తల కింద మడిచిన తొండం ఎంత దూరం వెళ్తుందో కొలిచి, చీటీ మీద తేదీ, ఊరు పేరు రాసి దాచండి.